గానుగ పెట్టే ముందు ఎవరిని అడగాలి, ఏమని అడగాలి?

ప్రశ్న: మేడం, మాది కళ్యాణదుర్గం దగ్గర పల్లె. ఆరెకరాల్లో బుడ్డలు (వేరుశనగ) వేస్తాం. వానలు కలిసొచ్చిన ఏడు కూడా కాయలు మార్కెట్‌కు తోలితే మిగిలేది అంతంతమాత్రమే. అందుకని అనంతపురంలో చిన్న షెడ్డు బాడుగకు తీసుకుని, చెక్క గానుగ పెట్టి, సొంత బుడ్డలతో నూనె తీసి అమ్మాలని నేనూ మా ఆయనా అనుకుంటున్నాం. బ్యాంకులో లోను మాట్లాడుతున్నాం. మా మరిది బెంగళూరులో ఎంబీఏ చదువుతున్నాడు. తను గూగుల్ ఫారం చేసి వాట్సాప్‌లో పంపితే రెండు వందల మందికి పైగా జవాబిచ్చారు. పదిమందిలో తొమ్మిది మంది కొంటామన్నారు. ఇంకేం వదినా, ధైర్యంగా దిగండి అంటున్నాడు. మా మామయ్యేమో సర్వేలూ గిర్వేలూ ఎందుకు, కొట్టు తెరిస్తే తెలీదా అంటున్నారు. ఒక ఏజెన్సీని అడిగితే మూడు వందల ఇళ్ళ సర్వేకు లక్ష పైనే అవుతుందన్నారు. ఎవరి మాట వినాలి? ప్రైమరీ డేటా, ప్రైమరీ డేటా అని మరిది అంటుంటాడు. దాన్ని ఎలా సేకరిస్తారు? అందులో మాలాంటివాళ్ళు చేసుకోగలిగింది ఏది? (పేరు రాయొద్దన్న పాఠకురాలు, అనంతపురం జిల్లా)

సమాధానం: అమ్మా, లోను కాగితాల మీద సంతకం పెట్టకముందే ఈ ప్రశ్న అడిగారు. చాలామంది మిషన్ దించుకున్నాక అడుగుతారు. అప్పుడు చెప్పడానికి ఏమీ మిగలదు.

ముందు మీ మరిది మాట సంగతి చూద్దాం. వేరేవాళ్ళు వాళ్ళ అవసరానికి సేకరించి పెట్టుకున్న లెక్క ఉంటుంది. జనాభా లెక్కలు, మార్కెట్ యార్డు ధరలు అలాంటివి. 2011 జనాభా లెక్కల్లో అనంతపురం నగరంలో 2.6 లక్షల మంది ఉన్నారని అలాగే తెలిసింది. కానీ ఆ ఇళ్ళలో పొయ్యి మీద ఏ నూనె కాగుతోంది, అది ఎవరు తెచ్చారు, ఎందుకు తెచ్చారు అన్నది ఆ పుస్తకాల్లో దొరకదు. మీ ప్రశ్న కోసం మీరే వెళ్ళి తెచ్చుకునే సమాచారమే ప్రైమరీ డేటా. దాన్ని తెచ్చుకునే దారులు ప్రధానంగా నాలుగు: కళ్ళతో చూడడం, కూర్చుని మాట్లాడించడం, ఒకే ప్రశ్నలు చాలామందిని అడిగి లెక్కకట్టడం, చిన్నగా అమ్మి చూడడం. వీటిలో ఏది మేలు అని అడక్కండి. ఏ ప్రశ్నకు ఏది జవాబిస్తుందో చూసుకోవాలి.

గూగుల్ ఫారంతో మొదలుపెడదాం. మీ మరిది మంచి మనసుతోనే చేశాడు, కాదనను. కానీ ఆ రెండు వందల మంది ఎవరు? తన క్లాస్‌మేట్లు, మీ చుట్టాలు, వాళ్ళు ఫార్వర్డ్ చేసిన గ్రూపులవాళ్ళు. వాళ్ళలో అనంతపురంలో కాపురం ఉండి, నెలనెలా నూనె కొనేవాళ్ళు ఎంతమంది? ఫారంలో ఆ ప్రశ్నే లేకపోతే ఇప్పుడు తెలుసుకునే దారి కూడా లేదు.

ఎంతమంది జవాబిచ్చారన్నది చూసి మోసపోవద్దు. అమెరికాలో 1936లో అధ్యక్ష ఎన్నికలప్పుడు లిటరరీ డైజెస్ట్ అనే పత్రిక ఎవరికి ఓటేస్తారో రాసి పంపమని దాదాపు కోటి మందికి కార్డులు పంపింది. 20 లక్షలకు పైగా తిరిగొచ్చాయి. అప్పటి అధ్యక్షుడు రూజ్వెల్ట్ ఓడిపోతాడని ఆ పత్రిక ఢంకా కొట్టి చెప్పింది. ఆయన 48 రాష్ట్రాల్లో 46 గెలిచాడు. చిరునామాలు ఎక్కడి నుంచి తీశారంటే, ఎక్కువగా టెలిఫోన్ డైరెక్టరీల నుంచి, కార్ల రిజిస్ట్రేషన్ జాబితాల నుంచి. అది ఆర్థిక మాంద్యం కాలం. ఫోనూ కారూ లేనివాళ్ళ ఓటు ఎటు పడుతుందో ఆ కార్డుల్లో కనపడలేదు. పైగా తీరిక చేసుకుని కార్డు నింపి పంపినవాళ్ళ మనసు ఒక రకం, పంపనివాళ్ళది ఇంకో రకం. అదే ఎన్నికల్లో సర్వేలు చేసే జార్జ్ గాలప్ అనే ఆయన అంతకంటే ఎన్నో రెట్లు తక్కువ మందిని, అన్ని వర్గాల నుంచీ చూసి ఎంచుకుని అడిగి, గెలిచేది ఎవరో సరిగ్గా చెప్పాడు. వాట్సాప్ ఫారానికి ఉన్న జబ్బు కూడా ఇదే.

రెండో లోపం ప్రశ్నలో ఉంది. ఫారం నాకు పంపలేదు కాబట్టి ఖాయంగా అనలేను గానీ, ఇలాంటి ఫారాల్లో సాధారణంగా ఉండే ప్రశ్న ఇది: 'కల్తీ లేని, ఆరోగ్యానికి మంచిదైన గానుగ నూనె దొరికితే కొంటారా?' కొనను అని ఎవరంటారు? మన దగ్గర మొహమాటం ఒకటి ఉండనే ఉంది. తెలిసినవాళ్ళ అబ్బాయి అడిగాడు, అవుననడానికి ఖర్చేముంది? ఎప్పుడో చేయబోయేదాని గురించి అడిగితే మనుషులు మంచిగా కనపడే జవాబే చెప్తారు. అది అబద్ధం కాదు, వాళ్ళు నిజంగానే అలా అనుకుంటారు. కొట్టు ముందు నిలబడి, చేతిలో ఉన్న డబ్బు చూసుకున్నప్పుడు లెక్క మారిపోతుంది. కాబట్టి ఇప్పుడు నేను చెప్పబోయే పద్ధతులన్నిటిలోనూ ఈ ఒక్కటీ పట్టుకోండి: ఏం చేస్తారని అడక్కండి, పోయినసారి ఏం చేశారని అడగండి. అడగకుండా చూడగలిగితే ఇంకా మంచిది.

ఇది మీకు కొత్తేమీ కాదు. పంటల బీమా లెక్క కోసం దిగుబడి తేల్చేటప్పుడు ఎకరాకు ఎన్ని మూటలయ్యాయని రైతును అడిగి రాసుకోరు. చేలో కొలిచిన తావులో కోసి, కాయ తూకం వేసి రాస్తారు. నూనె విషయంలో కూడా అలా తూకం వేయగలిగిన చోట్ల తూకమే వేద్దాం.

అసలు మీకు తెలియాల్సింది ఏమిటో ఒక కాగితం మీద రాసుకోండి. నా లెక్కన మూడే. నగరంలో ఎలాంటి ఇళ్ళవాళ్ళు ఎంత నూనె ఎక్కడ కొంటున్నారు? వాళ్ళలో మామూలు ప్యాకెట్ కంటే బాగా ఎక్కువ ధర పెట్టేవాళ్ళు ఎవరు? ఒకసారి కొన్నవాళ్ళు మళ్ళీ వస్తారా? గానుగలో లీటరు నూనె రావాలంటే రెండున్నర కిలోల పప్పు దాకా పడుతుంది. ఆడించే ఖర్చు, సీసా, బాడుగ కలిపితే మీ ధర పామాయిల్, సన్‌ఫ్లవర్ ప్యాకెట్లకు దరిదాపుల్లో ఉండదు. అందుకే రెండో ప్రశ్న, మూడో ప్రశ్న మీకు ప్రాణం. షాపు పేరు, లేబుల్ రంగు తర్వాత చూసుకోవచ్చు.

మొదట చూడడం. దీనికి పైసా ఖర్చు లేదు, అయినా ఎవరూ చేయరు. పాతూరులో ఒక కిరాణా కొట్టు, కమలానగర్‌లోనో సాయినగర్‌లోనో ఒక సూపర్‌మార్కెట్, రుద్రంపేట వైపు ఒక చిన్న అంగడి ఎంచుకోండి. ఓనరును అడిగి, ఒప్పుకుంటే, పక్కన స్టూలు వేసుకుని కూర్చోండి. పొద్దున ఒక గంట, కూలి పనులు ముగించుకుని వచ్చే సాయంత్రం వేళ ఒక గంట. నెల మొదటివారంలో ఒకసారి, ఇరవయ్యో తారీఖు దాటాక ఒకసారి. జీతాలొచ్చినప్పటి కొనుగోళ్ళకూ నెలాఖరు కొనుగోళ్ళకూ పోలికే ఉండదు.

నూనె కొన్న ప్రతి మనిషికీ ఒక గీత. ఆడా మగా, ఎంత సైజు, పేరు చెప్పి అడిగారా లేక 'నూనె ప్యాకెట్ ఒకటియ్యి' అన్నారా, తిప్పి తేదీ చూశారా, ధర చూశారా, అంగడాయన చేతికిచ్చింది తీసుకుపోయారా. పావు లీటరు, అర లీటరు ప్యాకెట్లు ఎన్ని పోతున్నాయో, అయిదు లీటర్ల క్యాన్లు ఎన్ని పోతున్నాయో రెండు సాయంత్రాల్లోనే మీ కళ్ళకు కట్టినట్టు తెలుస్తుంది. పేరు చెప్పకుండా అడిగేవాళ్ళే ఎక్కువని తేలితే, ఆ వీధిలో మీరు ఒప్పించాల్సింది ఇంటావిడను కాదు, అంగడాయనను.

నగరంలో ఇప్పటికే గానుగ నూనె అమ్మే చోట్లకు మామూలు కొనుగోలుదారుల్లా వెళ్ళి ఒక్కో సీసా కొనుక్కోండి. ధర, సీసా, వాళ్ళు చెప్పే మాటలు, మీకంటే ముందు నిలబడినవాళ్ళు ఏం అడుగుతున్నారు, అన్నీ ఇంటికొచ్చాక రాసుకోండి. కంపెనీలు కూడా ఇలా మనుషులను పంపి చూసుకుంటాయి. కొన్నాకనే మాట్లాడండి, వాళ్ళ టైం ఊరికే తినొద్దు.

చూస్తే ఏం జరుగుతోందో తెలుస్తుంది, ఎందుకో తెలీదు. దానికి ఇళ్ళకు వెళ్ళాలి. పది పన్నెండు ఇళ్ళు చాలు. కానీ రకరకాల ఇళ్ళుండాలి: ఉద్యోగస్తులవి, కూలి పనివాళ్ళవి, ముసలివాళ్ళిద్దరే ఉన్నవి, పిల్లల హాస్టల్‌కు చిరుతిళ్ళు చేసి పంపేవి. ఒక్కో ఇంట్లో ముప్పావు గంట. ప్రశ్నలు చదవొద్దు. 'మీ వంటింట్లో ఉన్న నూనె ఒకసారి చూపిస్తారా అక్కా' అని మొదలుపెట్టండి. సీసా చేతిలో ఉంటే మాట దానంతటదే వస్తుంది. నేను చాలా ఏళ్ళు ప్రశ్నపత్రాలు పట్టుకుని ఈ సీమ ఊళ్ళలో తిరిగాను. హాల్లో సోఫా మీద చెప్పిన జవాబుకూ వంటింట్లో గట్టు దగ్గర చెప్పిన జవాబుకూ తేడా వస్తుందని గట్టిగా చెప్పగలను.

మాట ఇలా సాగుతుందనుకోండి:

'పోయినసారి నూనె ఎప్పుడు తెచ్చినారక్కా?'

'మొన్న శుక్రవారం. మా ఆయన తెచ్చినాడు.'

'ఎప్పుడూ ఇదేనా?'

'బజ్జీలకు, నిప్పట్లకు ఇది. ఊరగాయ పెట్టేటప్పుడు మాత్రం బుడ్డల నూనె తెప్పిస్తా.'

'గానుగది ఎప్పుడన్నా తెచ్చినారా?'

'ఒకసారి తెచ్చినాం. బాండ్లీలో నురగ వచ్చింది. అడుగున మడ్డి కూడా ఉన్నింది. మళ్ళా తేలే.'

ఈ చివరి మాట ఏ గూగుల్ ఫారంలోనూ దొరకదు. రిఫైన్ చేయని నూనెలో వేయించేటప్పుడు నురగ రావడం మామూలే, అడుగున మడ్డి చేరడమూ మామూలే. కానీ ఆవిడ దాన్ని కల్తీ అనుకుంది. ఇలాంటి మాట నాలుగిళ్ళలో వినపడిందంటే, మీరు చేయాల్సిన పని మారిపోతుంది. నూనెను తేరబెట్టి వడపోసి ఇవ్వాలి, దేనికి వాడితే బాగుంటుందో సీసా మీద రాయాలి, ఊరగాయల కాలం కలిసొచ్చేలా మార్చికల్లా సరుకు సిద్ధంగా పెట్టుకోవాలి. అడిగాక కాసేపు ఊరుకోండి. మనకు మౌనం ఇబ్బందిగా ఉంటుంది, మధ్యలో దూరి జవాబు మనమే అందిస్తాం. అలా చేయకండి. ఆవిడ ఆలోచించుకుని చెప్పే రెండో మాటే అసలుది.

పొదుపు సంఘం ఆడవాళ్ళను ఏడెనిమిది మందిని ఒకచోట కూర్చోబెట్టి మాట్లాడించడం ఇంకో పద్ధతి. ఫోకస్ గ్రూప్ అంటారు. ఒకరి మాటకు ఇంకొకరు ఎదురు చెప్పుకుంటుంటే మనకు తట్టని సంగతులు బయటపడతాయి. మీకు దీని మీద ఎక్కువ ఆశ పెట్టుకోవద్దంటాను. లీడరు ఏమంటే మిగతావాళ్ళు దానికే తలూపుతారు. పైగా మీ సంఘంలోనే పెడితే మిమ్మల్ని నొప్పించే మాట ఎవరూ అనరు. చేయాలనుంటే మీకు పరిచయం లేని కాలనీలో పెట్టించండి, తక్కువ మాట్లాడేవాళ్ళను ముందు అడగండి, చేతులెత్తించి లెక్క మాత్రం కట్టకండి. ఎనిమిది మందిలో ఆరుగురన్నారు కాబట్టి ఊళ్ళో ముప్పాతిక వంతు అంటారని చెప్పడం కుదరదు.

ఇక సర్వే. ఇది ఇళ్ళలో మాట్లాడాకే చేయాలి, ఎందుకంటే ఏం అడగాలో అప్పుడే తెలుస్తుంది. ఫోన్‌లో అడగొచ్చు, కానీ తెలియని నంబర్ నుంచి వచ్చిన కాల్ ఈ రోజుల్లో ఎవరెత్తుతున్నారు? ఎత్తినా లోను కావాలా అని అడుగుతారనుకుని పెట్టేస్తారు. పోస్టు కార్డుల కాలం పోయింది. టవర్ క్లాక్ దగ్గరో రైతు బజార్లోనో ఆపి అడగొచ్చు. తొందరగా అయిపోతుంది గానీ ఆ పూట అటు వచ్చినవాళ్ళే దొరుకుతారు. మీకు సరిపడేది ఇంటింటికీ వెళ్ళి అడగడమే, వంద ఇళ్ళు.

ఆ వంద ఇళ్ళు ఎలా ఎంచుకుంటారన్నదే సర్వేలో సగం పని. తెలిసినవాళ్ళ ఇళ్ళు వద్దు. నగరంలో తీరు వేరువేరుగా ఉన్న పది కాలనీలు తీసుకోండి, ఒక్కోదానిలో పది ఇళ్ళు. గుడో, బోరింగో, ఏదో ఒక గుర్తు దగ్గర మొదలుపెట్టి, కుడిచేతి వైపుగా నడుస్తూ ప్రతి అయిదో ఇల్లు. మేడ బాగుందని ఎక్కొద్దు, కుక్క ఉందని దాటొద్దు. తాళం వేసి ఉంటే సాయంత్రమో ఆదివారమో మళ్ళీ వెళ్ళాలి. ఇది విసుగు పుట్టించే పనే, కానీ వదలొద్దు. మొగుడూ పెళ్ళాం ఇద్దరూ ఉద్యోగాలకు పోయే ఇళ్ళే పగటిపూట తాళం వేసి ఉంటాయి. ఖరీదైన నూనె కొనగలిగినవాళ్ళలో చాలామంది వాళ్ళే.

వంద చాలా అని మీ మరిది అడుగుతాడు. ఇళ్ళు పక్షపాతం లేకుండా ఎంచుకుంటే, వందలో 30 ఇళ్ళు బుడ్డల నూనె వాడుతున్నాయంటే నగరం మొత్తంలో అది 21 నుంచి 39 శాతం మధ్య ఉంటుందని చెప్పుకోవచ్చు. కాలనీలను చేత్తో ఎంచుకున్నాం కాబట్టి ఇంకాస్త అటూఇటూ ఉంటుందనుకోండి. ఆ ఎడం సగానికి తగ్గాలంటే నాలుగు రెట్లు, అంటే 400 ఇళ్ళు తిరగాలి. మీరు పెట్టేది ఒక్క గానుగ. 25 శాతమా 35 శాతమా అన్నదాన్ని బట్టి మీ నిర్ణయం మారదు. అయిదా ముప్పయ్యా అన్నదాన్ని బట్టి మారుతుంది. దానికి వంద చాలు.

ప్రశ్నలు పన్నెండు దాటకూడదు. 'నెలకు ఎంత నూనె వాడతారు?' అని అడగొద్దు, నోటికొచ్చిన అంకె చెప్తారు. 'గత ఏడు రోజుల్లో నూనె కొన్నారా? ఏది, ఎంత, ఎంతకు?' అని అడగండి. మన దేశంలో కుటుంబాల ఖర్చు లెక్కకట్టే నేషనల్ శాంపిల్ సర్వే 1950 నుంచి ఉంది. ముప్పై రోజుల ఖర్చు అడిగినప్పుడు, ఏడు రోజుల ఖర్చు అడిగినప్పుడు తిండి లెక్కలు తేడాగా వస్తున్నాయని వాళ్ళు పరీక్షలు పెట్టి మరీ చూశారు. ఇప్పటి పద్ధతిలో బియ్యం, పప్పులకు ముప్పై రోజులు అడుగుతారు, వంటనూనె, కూరగాయలు, గుడ్లు, మాంసం లాంటివాటికి ఏడు రోజులే. ఆ ఏడు రోజుల్లో ఊళ్ళో పండగేదైనా వచ్చిందా అని పక్కన రాసుకోండి. ఉగాదికి ఓళిగలు, నిప్పట్లు చేసిన వారం లెక్క చూసి ఏడాదంతా అంతే అనుకుంటే మునుగుతాం.

ఆదాయం అడగొద్దు. అడిగారా, రేషన్ కార్డు తీసేస్తారేమోనని భయపడతారు, తర్వాత చెప్పేవన్నీ ఆచితూచి చెప్తారు. మార్కెట్ రీసెర్చ్‌వాళ్ళు కూడా ఆదాయం బదులు ఇంటి సంపాదనపరుడి చదువు, ఇంట్లో ఫ్రిజ్, వాషింగ్ మెషీన్, కారు లాంటివి ఏవేమున్నాయి అన్నది చూసి ఇళ్ళను తరగతులు చేస్తారు. అదీ చివరలో అడగండి. మొదటి ప్రశ్నకే 'మీకు కారుందా' అంటే తలుపు మూసేస్తారు.

వందకు ముందు ఏడెనిమిది ఇళ్ళలో ప్రశ్నల కాగితాన్ని పరీక్షించండి. కలకత్తాలో మహలనోబిస్ 1937లో బెంగాల్ జనపనార సర్వే మొదలుపెట్టినప్పుడు, చిన్నగా చేసి చూసి, లోపాలు దిద్దుకుని, ఏటేటా పెంచుకుంటూ పోయారు. అంత పెద్ద గణాంకవేత్తకే అవసరమైంది, మనకు అక్కర్లేదా? ఏ ప్రశ్న దగ్గర 'ఏమంటున్నావమ్మా?' అని తిరిగి అడుగుతున్నారో ఆ ప్రశ్న మార్చండి.

ఎవరు అడగాలన్నది కూడా ముఖ్యమే. మీరే వెళ్ళి 'మేం గానుగ పెడుతున్నాం' అంటే అందరూ దీవిస్తారు. ఆ దీవెనలు డేటా కాదు. డిగ్రీ చదివే ఇద్దరు అమ్మాయిలను పెట్టుకోండి, ఇంటికింత అని ఇవ్వండి, రెండు రోజులు పక్కనుండి నేర్పండి. వంటనూనె వాడకం మీద సర్వే అని నిజమే చెప్పించండి, ఎవరు ఏ నూనె అమ్మబోతున్నారో మాత్రం చివరి దాకా చెప్పక్కర్లేదు. తర్వాత పది ఇళ్ళకొకటి చొప్పున మీరే మళ్ళీ వెళ్ళి, నిజంగా వచ్చారా, ఏమేం అడిగారు అని కనుక్కోండి. చెట్టు కింద కూర్చుని నింపిన ఫారాలు ఈ రంగంలో పాత సమస్య. పెద్ద సంస్థలు కూడా ఇలాగే తిరిగి వెళ్ళి చూసుకుంటాయి. ఫోన్ నంబర్లు తీసుకుంటే ఎందుకో చెప్పి, ఒప్పుకుంటేనే తీసుకోండి. వ్యక్తిగత వివరాల రక్షణకు 2023లో చట్టమే వచ్చింది. సర్వే కోసం ఇచ్చిన నంబరుకు ఉగాది ఆఫర్ మెసేజ్ పంపడం, చట్టం సంగతి అటుంచినా, మర్యాద కాదు.

సర్వేకు వెళ్ళినప్పుడు ఒప్పుకున్న ఒక పదిహేను ఇళ్ళలో ఇంకో చిన్న పని పెట్టండి. వంటింటి గోడ మీద పాల లెక్క రాసుకునే క్యాలెండర్ ఉంటుంది కదా, నూనె తెచ్చిన రోజున అందులోనే 'నూ 1' అనో 'నూ అర' అనో రాయమనండి. మూడు నెలలకు ఫొటో తీసుకోండి. డైరీ పద్ధతి అని పెద్ద పేరున్నది ఇదే. జ్ఞాపకం మీద ఆధారపడని లెక్క వస్తుంది.

ఇప్పుడు అసలైనది, చేసి చూడడం. చాలామంది రుచి చూపించి అభిప్రాయం అడుగుతారు. చెంచాడు నూనె వాసన చూపించి 'ఎలా ఉంది?' అంటే కమ్మగా ఉందనే అంటారు, ఎందుకంటే నిజంగానే కమ్మగా ఉంటుంది. 1985లో కోకా-కోలా కంపెనీ దాదాపు రెండు లక్షల మందికి కొత్త రుచి పోసి చూపించింది, కొత్తదే బాగుందని ఎక్కువమంది అన్నారు. ఏప్రిల్‌లో పాతది ఆపేసి కొత్తది దించారు. జనం తిరగబడితే జులైలో పాతదాన్ని మళ్ళీ తేవాల్సి వచ్చింది. గుక్కెడు తాగి చెప్పిన మాట వేరు, రోజూ ఇంటికి తెచ్చుకోవడం వేరు. తమ పాత రుచిని తీసేస్తే ఎలా ఉంటుందో ఆ పరీక్షలో ఎవరినీ సరిగ్గా అడగలేదు. అందుకని ఇరవై ఇళ్ళకు అర లీటరు చొప్పున రెండు సీసాలివ్వండి. ఒకటి మీ నూనె, ఒకటి మార్కెట్లో దొరికే బుడ్డల నూనె, రెండూ ఒకేలాంటి సీసాల్లో, పేర్లు లేకుండా. ఒకటి, రెండు అని రాయొద్దు, ఒకటే మేలనుకుంటారు. 417, 682 అన్నట్టు ఏవో అంకెలు వేయండి. సగం ఇళ్ళకు ముందు ఇది వాడమని, మిగతా సగానికి ముందు అది వాడమని చెప్పండి. పదిహేను రోజులయ్యాక వెళ్ళి మొదట సీసాలు చూడండి. ఏది ఎక్కువ ఖాళీ అయిందో అదే మొదటి జవాబు. నోటి మాట తర్వాత వినండి.

ఆ తర్వాత డబ్బులు తీసుకుని అమ్మి చూడాలి. దీనికి సొంత గానుగ అక్కర్లేదు. ఇప్పటికే ఉన్న గానుగలో మీ పప్పు కూలికి ఆడించుకోండి. అమ్మేది తినే వస్తువు కాబట్టి, కొద్దిగా అమ్మినా సరే, ఫుడ్ సేఫ్టీ రిజిస్ట్రేషన్ తీసుకున్నాకే అమ్మండి, సీల్ చేసిన సీసాల్లోనే, లేబుల్‌తోనే అమ్మండి. చుట్టాలకు అమ్మొద్దు. వాళ్ళు మీ కోసం కొంటారు, నూనె కోసం కాదు. తీరు ఒకేలా ఉన్న రెండు కాలనీలు ఎంచుకుని, ఒకదానిలో మీరు అనుకున్న ధర, రెండోదానిలో ముప్పై రూపాయలు తక్కువ పెట్టి ఆరు వారాలు అమ్మండి. ఒకే వీధిలో రెండు ధరలు పెట్టారా, సాయంత్రానికి గొడవే.

ఎన్ని సీసాలు పోయాయని సంబరపడకండి. ప్రతి కొనుగోలుకూ ఇల్లు రాసుకుని, రెండో సీసాకు ఎంతమంది వచ్చారో లెక్కపెట్టండి. మొదటి సీసాను కుతూహలం కొనిపిస్తుంది. రెండోదాన్ని ఖాళీ అయిన సీసా కొనిపిస్తుంది. రాని ఇళ్ళకు వెళ్ళి ఎందుకు రాలేదని అడగండి, నొచ్చుకోకుండా వినండి.

మీ మామయ్య చెప్పింది తప్పు కాదని ఇప్పుడు మీకే అర్థమై ఉంటుంది. కొట్టు తెరిచి చూడడం కూడా ప్రైమరీ డేటా సేకరించే పద్ధతే, అన్నిటికంటే నమ్మదగినది కూడా. అయితే లోను తీసుకుని తెరిస్తే ఆ సమాచారానికి మీరు కట్టే ధర మరీ ఎక్కువ. అదే పనిని నలభై యాభై లీటర్లతో చేయమంటున్నాను. ఆయనకు ఇలా చెప్తే ఒప్పుకుంటారు, కూలికి ఆడించే చోట ఆయన దగ్గరుంటే మీకు మేలు కూడా. మీ మరిదికి చెప్పండి, గూగుల్ ఫారం తెలివి వృథా కాదు. ఆ అమ్మాయిలు ఇంటింటికీ తిరిగేటప్పుడు జవాబులు ఫోన్‌లో అదే ఫారంలో నింపితే లెక్కలు అప్పటికప్పుడు వస్తాయి. పనిముట్టు మంచిదే, పంపిన చోటు సరైంది కాదు.

ఏజెన్సీకి ఇప్పుడు లక్ష ఇవ్వొద్దు. వాళ్ళు మోసగాళ్ళని కాదు. మూడు వందల ఇళ్ళ సర్వే చేసినా అది రెండో సీసా సంగతి చెప్పదు. రేపు బెంగళూరుకు పంపాలనుకుంటే అక్కడి వీధులు మీకు తెలీవు, అప్పుడు వాళ్ళతో పని ఉంటుంది. అప్పుడైనా ఇళ్ళు ఎలా ఎంచుకుంటారు, తాళం ఉన్న ఇంటికి ఎన్నిసార్లు వెళ్తారు, ఫారాలు నిజమైనవని ఎలా సరిచూస్తారు అన్న మూడు ప్రశ్నలడిగి, సూటిగా చెప్పినవాళ్ళకే ఇవ్వండి.

ఒక్క పని మాత్రం మొదటి సీసా అమ్మకముందే చేయండి. మీరూ మీ ఆయనా కూర్చుని, అరవై ఇళ్ళు మొదటి సీసా కొన్నాయనుకుంటే వాటిలో ఎన్ని ఇళ్ళు రెండోసారి కొంటే గానుగ పెడతారో, ఎన్ని అయితే ఆగుతారో ఒక అంకె వేసి, తేదీతో నోటుబుక్కులో రాసుకోండి. షెడ్డు బాడుగ, కరెంటు, నెల కంతు కలిపితే నెలకు ఎన్ని లీటర్లు అమ్మాలో లెక్కవేస్తే ఆ అంకె దానంతటదే వస్తుంది. ముందే రాసుకోకపోతే, ఫలితాలు చూశాక ఎంతొచ్చినా పర్లేదనిపిస్తుంది. ఆ అంకెకు తక్కువ వస్తే ఇంకో ఏడాది కూలికి ఆడించే అమ్మండి, పెట్టుబడి సీసాలతో సరి. బ్యాంకు మేనేజరు ఎంత తొందరపెట్టినా, ఆ ఆరు వారాల లెక్క చేతికొచ్చేదాకా లోను కాగితాలు ఇంట్లోనే ఉండనివ్వండి. ప్రశ్నల కాగితం తయారయ్యాక నాకు పంపండి, ఏది తీసేయాలో గుర్తు పెట్టి పంపుతాను.